పసివాళ్ల తొలి ఆహారం ఎంత చిక్కగా ఉండాలో కూడా చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

ఆరు నెలలు నిండిన బిడ్డకు ఇంట్లోనే ఆహారం వండి పెట్టమని పత్రికల్లో, ముఖ్యంగా ఆరోగ్య శీర్షికల్లో, తరచుగా చదువుతున్నాను. ఆ సలహా మంచిదే. అయితే అలాంటి వ్యాసాల్లో ఏయే దినుసులు వేయాలో ఉంటుంది, ఎంత శుభ్రంగా వండాలో ఉంటుంది, చివరికి 'పలచగా జావలా కాచి పట్టాలి' అన్న మాటతో వ్యాసం ముగుస్తుంది. ఎన్ని చెంచాల పిండికి ఎంత నీరు పోయాలో, వండినది గరిటె మీద ఎలా నిలవాలో, రోజుకు ఎంత పరిమాణం బిడ్డ కడుపులోకి వెళ్లాలో చెప్పే వ్యాసం నాకు చాలా అరుదుగా కనిపించింది. ఈ లోపాన్ని మీ దృష్టికి తేవడానికే ఈ లేఖ రాస్తున్నాను.

ఇందుకు కారణం మా ఇంట్లోనే ఉంది. మా మనవరాలికి ఆరు నెలలు నిండాక వంట బాధ్యత నేనే తీసుకున్నాను. పిండిని జల్లించి, నీళ్లలో కలిపి, ఉండ కట్టకుండా కాచి, పసిగొంతుకు అడ్డం పడుతుందేమోనన్న భయంతో మళ్లీ వడకట్టి, గిన్నెడు జావ ఓపికగా పట్టేదాన్ని. పాప తాగేది, కడుపు నిండి నిద్రపోయేది. ఎనిమిదో నెలలో ఆరోగ్య కేంద్రంలో తూకం వేసినప్పుడు, అంతవరకు పైకి సాగిన ఎదుగుదల గీత అడ్డంగా నిలిచిపోయిందని తెలిసింది. అక్కడి నర్సు జ్వరం గురించి, విరేచనాల గురించి అడిగి, అవేమీ లేవని తెలుసుకున్నాక, "అమ్మా, మీరు పెట్టే జావ చెంచాతో తీసి చెంచా వంచితే ఏమవుతుంది?" అని అడిగింది. నీళ్లలా జారిపోతుందని చెప్పాను. "అదే సంగతి" అంది. ఏళ్ల తరబడి బడిలో లెక్కలు చెప్పినదాన్నైనా ఆ చిన్న లెక్క చేయాలన్న ఆలోచన నాకు అప్పటిదాకా రాలేదు. ఆ రాత్రి కూర్చుని చేశాను.

ఏ ధాన్యపు పిండి అయినా 100 గ్రాములకు సుమారు 350 కిలో క్యాలరీల శక్తినిస్తుంది. నేను గిన్నెడు జావకు వాడిన పిండి దాదాపు 10 గ్రాములు, పోసిన నీరు దాదాపు 200 మిల్లీలీటర్లు. అంటే గిన్నె మొత్తం తాగితే పాపకు అందినది 35 కిలో క్యాలరీలు. అదే 200 మిల్లీలీటర్ల తల్లిపాలలో దాదాపు 130 కిలో క్యాలరీలు ఉంటాయి. తల్లిపాలు సరిపోని వయసు వచ్చిందని, వాటికి తోడుగా మరింత బలమైనది పెడుతున్నామని మేమంతా అనుకుంటుండగా, నిజానికి పాలలో మూడో వంతు బలం కూడా లేని ద్రవంతో ఆ చిన్న పొట్టను నింపి, ఆ మేరకు పాప తాగవలసిన పాలను తగ్గించాం. ఈ వయసు బిడ్డ పొట్ట ఒక పూటకు పట్టేది కిలో బరువుకు సుమారు 30 గ్రాములు మాత్రమే. ఎనిమిది కిలోల బిడ్డ అయితే 240 గ్రాములు. 6 నుంచి 8 నెలల మధ్య, తల్లిపాలు బాగానే తాగుతున్న బిడ్డకు కూడా బయటి ఆహారం నుంచి రోజుకు దాదాపు 200 కిలో క్యాలరీలు అందాలని, 9 నుంచి 11 నెలలకు అది 300కు, ఏడాది దాటాక 550కి చేరాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు లెక్కగట్టాయి. నా జావతో 200 అందించాలంటే పాప రోజుకు లీటరుకు పైగా తాగాలి. ఏ పసిబిడ్డకూ అది సాధ్యం కాదు.

కాబట్టి చిక్కదనాన్ని వంటలో ఒక చిన్న వివరంగా చూడడం సరికాదని నా అభిప్రాయం. నర్సు నాకు నేర్పిన కొలత ఎవరైనా గుర్తుపెట్టుకోదగినది: చెంచాలోకి తీసిన ఆహారం చెంచా కొద్దిగా వంచినా నిలవాలి, వెంటనే జారిపోకూడదు. వడకట్టడం మానేసి, మెత్తగా ఉడికిన అన్నాన్నీ పప్పునూ చేత్తోనో గరిటెతోనో మెదిపి పెట్టడం దీనికి అన్నిటికన్నా సులువైన దారి. ధాన్యం మూడు పాళ్లు, పప్పు ఒక పాలు చొప్పున కలిపితే మాంసకృత్తులు కూడా మెరుగవుతాయి. మాంసకృత్తుల్లోని భాగాల్లో, ధాన్యంలో తక్కువగా ఉండే లైసిన్ పప్పులో, పప్పులో తక్కువగా ఉండే మెథియోనిన్ ధాన్యంలో ఉండడమే ఇందుకు కారణం. అందులో ఒక చిన్న చెంచాడు నూనె గానీ కరిగించిన వెన్న గానీ కలిపితే పరిమాణం పెరగకుండానే దాదాపు 40 కిలో క్యాలరీలు అదనంగా చేరతాయి. పసిబిడ్డ ఆహారంలో కొవ్వు ఉండకూడదని భయపడే తల్లులు నాకు చాలామంది తారసపడ్డారు. ఆ భయం పెద్దవాళ్ల ఆహార నియమాల నుంచి వచ్చినదే గానీ తల్లిపాలలోని శక్తిలో సగం వరకు కొవ్వు నుంచే వస్తుందని వారికి ఎవరూ చెప్పినట్టు లేదు.

జావ చిక్కగా కాస్తే గట్టిపడి బిడ్డ మింగలేదన్నది మరో ఇబ్బంది, అందులో నిజముంది. పిండిలోని గంజి పదార్థం నీటిని పీల్చుకుని ఉబ్బడం వల్ల అలా జరుగుతుంది. దీనికి మొలకెత్తించిన ధాన్యం చక్కటి పరిష్కారం. గింజ మొలకెత్తేటప్పుడు అందులో పుట్టే అమైలేజ్ అనే ఎంజైము గంజి పదార్థాన్ని చిన్న ముక్కలుగా విడగొడుతుంది. ధాన్యాన్ని నానబెట్టి, మొలకలు వచ్చాక ఎండబెట్టి, మొలకలను నలిపి తీసేసి, సన్నని సెగ మీద కొద్దిగా వేయించి పిండి పట్టించి ఉంచుకోవచ్చు. మాడేలా వేయిస్తే ఆ ఎంజైము నశిస్తుంది. చిక్కగా కాచిన జావను పొయ్యి మీద నుంచి దించి, మరుగు తగ్గాక ఈ పిండి కొద్దిగా వేసి కలిపితే, కొన్ని నిమిషాల్లోనే నీళ్లు పోయకుండా జావ వదులవుతుంది. ఆ తర్వాత, సూక్ష్మజీవుల భయం లేకుండా, మరొకసారి పొంగు రానిచ్చి దించాలి. పిండి ఎక్కువ, నీరు తక్కువ, అయినా మింగడానికి తేలిక. నానబెట్టి మొలకెత్తించడం వల్ల ఇనుమును శరీరానికి అందకుండా అడ్డుకునే ఫైటేటు కూడా కొంత తగ్గుతుంది.

ఇనుము మాట వచ్చింది కనుక అక్కడ కొంచెం ఆగుతాను, ఎందుకంటే ఇంటి వంటలో తరచుగా వెలితిగా మిగిలేది అదే. నెలలు నిండి పుట్టిన బిడ్డ తల్లి గర్భం నుంచి తెచ్చుకున్న ఇనుము నిల్వలు దాదాపు ఆరు నెలలు వస్తాయి. తల్లిపాలు ఎన్నో విధాల సాటిలేనివైనా వాటిలో ఇనుము చాలా తక్కువ. అమెరికాలో అనుసరించే ప్రమాణం ప్రకారం 7 నుంచి 12 నెలల బిడ్డకు రోజుకు 11 మిల్లీగ్రాముల ఇనుము కావాలి, వయోజన పురుషుడికి కావలసింది 8 మిల్లీగ్రాములే. ఇంత చిన్న పొట్టకు అంత అవసరమని తెలిసినప్పుడు, మొదటి నెలలంతా అరటిపండు గుజ్జు, క్యారెట్ గుజ్జు, పలచని జావలతోనే గడపడం ఎంత నష్టమో అర్థమవుతుంది. తినే అలవాటున్న ఇళ్లలో బాగా ఉడికించి మెత్తగా చేసిన మాంసం, ముళ్లు తీసిన చేప, గట్టిగా ఉడికిన గుడ్డు ఆరు నెలలు నిండగానే మొదలుపెట్టవచ్చు. పళ్లు వచ్చేదాకా ఆగవలసిన పని లేదు. శాకాహారం తినే ఇళ్లలో పప్పులతో పాటు సి విటమిను ఉన్న పండు గుజ్జు పెడితే ఇనుము మెరుగ్గా ఒంటికి పడుతుంది. అయినా అది చాలకపోవచ్చు కనుక ఇనుము చుక్కల మందు అవసరమా అని పిల్లల వైద్యులను అడగడం మంచిది.

పరిమాణం సంగతి క్లుప్తంగా చెబుతాను. మొదట రెండు మూడు చెంచాలతో ఆరంభించి, 6 నుంచి 8 నెలల మధ్య రోజుకు రెండు మూడు పూటలు, పూటకు 250 మిల్లీలీటర్ల కప్పులో సగం వరకు పెంచాలి. 9 నెలల నుంచి మూడు నాలుగు పూటలు, మధ్యలో ఒకటి రెండు సార్లు చిరుతిండి. ఏడాది దాటాక కప్పులో మూడు వంతుల నుంచి నిండు కప్పు వరకు. తల్లిపాలు మాత్రం రెండేళ్లు, ఆపైన కూడా కొనసాగాలి. ఈ అంకెలన్నీ చిక్కగా వండిన ఆహారానికే వర్తిస్తాయన్న సంగతి మరచిపోతే మళ్లీ నేను చేసిన పొరపాటే జరుగుతుంది.

మెత్తగా రుబ్బి పెట్టడం గురించి కూడా ఒక మాట. మిక్సీ వచ్చాక ఇది మరీ ఎక్కువైంది, ఏడాది బిడ్డకు కూడా అన్నీ కలిపి నున్నగా తిప్పి పెడుతున్నారు. ఇంగ్లండ్‌లో వేల మంది పిల్లల ఎదుగుదలను గమనిస్తూ వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో, పది నెలలు దాటాక గానీ పలుకులున్న ఆహారం రుచి చూడని పిల్లలు ఆ తర్వాత తిండి దగ్గర ఎక్కువ ఇబ్బంది పెట్టినట్టు తేలింది. నమలడం బిడ్డ నేర్చుకోవలసిన విద్య, దానికి తగిన కాలం ఉంటుంది. ఎనిమిది నెలలకే వేళ్లతో పట్టుకుని చిగుళ్లతో నలపగలిగేంత మెత్తని ముక్కలు చేతికివ్వవచ్చు. కొత్త రుచిని బిడ్డ ఉమ్మేస్తే అది నచ్చలేదని తీర్మానించకూడదు. ఎనిమిది పది సార్లు, వేర్వేరు రోజుల్లో, బలవంతం లేకుండా పెట్టి చూసిన తర్వాత చాలామంది పిల్లలు తింటారు. మా పాప గుమ్మడికాయను ఎన్నో రోజులు తిరస్కరించి, ఒక రోజు తానే గిన్నెలో చెయ్యి పెట్టి తిన్నది.

పెట్టకూడనివి కొన్నే అయినా కచ్చితమైనవి. ఏడాది నిండేవరకు తేనె నాలుకకు రాయడం కూడా వద్దు. అందులో ఉండగల బాటులిజం బీజాలు కాచినా చావవు, పసిబిడ్డ పేగుల్లో మొలకెత్తి నరాలను పట్టుకునే విషాన్ని తయారు చేస్తాయి. ఉప్పు, చక్కెర కలపనక్కరలేదు. పెద్దల నాలుకకు చప్పగా అనిపించినది బిడ్డకు చప్పగా ఉండదు. పండ్ల రసం కన్నా పండే మేలు. గట్టి గింజలు, పచ్చి క్యారెట్ ముక్కలు, చీల్చని ద్రాక్షపండ్లు గొంతుకు అడ్డం పడతాయి. వేరుశనగను మాత్రం, అలర్జీ భయంతో ఏళ్ల తరబడి దూరం పెట్టాలన్న పాత సలహా ఇప్పుడు మారింది. మెత్తని ముద్దగా చేసి పలుచన చేసిన వేరుశనగను తొలి ఏడాదిలోనే పెట్టడం వల్ల, అలర్జీ ముప్పు ఎక్కువగా ఉన్న పిల్లల్లో సైతం అది గణనీయంగా తగ్గిందని 2015లో వెలువడిన ఒక పరిశోధన చూపింది. తీవ్రమైన ఎగ్జిమా (చర్మం ఎర్రబడి దురద పెట్టే జబ్బు) ఉన్న బిడ్డ విషయంలో వైద్యుడిని అడిగిన తర్వాతే మొదలుపెట్టాలి.

ఇంట్లో వండినంత మాత్రాన ఆహారం సురక్షితం కాదు. ఉదయం వండి సాయంత్రం వరకు గిన్నెలో మూత పెట్టి ఉంచే అలవాటు పసిబిడ్డల విరేచనాలకు పెద్ద కారణం. వండినది గది వేడిలో రెండు గంటలకు మించి ఉండకూడదు. అన్నం విషయంలో మరింత జాగ్రత్త కావాలి, ఉడికినా చావని కొన్ని బ్యాక్టీరియా బీజాలు అందులో పెరిగి విషాన్ని వదులుతాయి, మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. ఉద్యోగాలకు వెళ్లే తల్లులు రోజూ మూడు పూటలా వండలేరు, ఆ మాట ఒప్పుకోవాలి. వారు వండినదాన్ని త్వరగా చల్లార్చి, ఫ్రిజ్‌లో ఐసు గడ్డలు చేసే ట్రేలో పోసి గడ్డకట్టించుకుంటే, పూటకు కావలసినన్ని ముక్కలే తీసి పొగలు వచ్చేదాకా వేడి చేసి, చల్లార్చి పెట్టవచ్చు. ఒకసారి కరిగించినదాన్ని మళ్లీ గడ్డకట్టించకూడదు, బిడ్డ ఎంగిలి చెంచా తగిలినది దాచకూడదు. సీసాలో పోసి పాలపీకతో తాగించడం అసలే వద్దు. పాలపీక రంధ్రంలోంచి దిగాలంటే జావ పలచగా ఉండాల్సిందే, సీసాను పూర్తిగా శుభ్రం చేయడమూ కష్టమే.

కొన్న డబ్బా ఆహారమంతా చెడ్డదని నేను వాదించడం లేదు. ఇనుము చేర్చిన తృణధాన్యాల పొడి కొన్ని ఇళ్లకు నిజంగా ఉపయోగపడుతుంది. అయితే ఐరోపాలో కొన్ని నగరాల దుకాణాల్లోని శిశు ఆహారాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశీలించి 2019లో వెల్లడించిన నివేదికలో, అనేక ఉత్పత్తుల్లో శక్తిలో 30 శాతానికి పైగా చక్కెరల నుంచే వస్తున్నట్టు తేలింది. డబ్బా మీద బొమ్మకన్నా వెనుక చిన్న అక్షరాలు చదవడం అవసరం. అలాగే ఇంటి ఆహారం గురించి రాసేవారు కూడా తాము చెప్పే వంటకంలో ఎంత శక్తి, ఎంత ఇనుము ఉన్నాయో లెక్క చూసి రాయడం అంతే అవసరం. చదివే తల్లి ఆ వంటకాన్ని నమ్మి, నెలల తరబడి, రోజూ పెడుతుంది.

అందుచేత మీకు నా విన్నపం ఇది. పసిపిల్లల ఆహారంపై ఇకముందు మీరు ప్రచురించే ప్రతి వంటకానికీ పిండి, నీరు, నూనె చెంచాల్లోనూ కప్పుల్లోనూ కొలిచి ఇవ్వండి, అది ఏ నెల బిడ్డకో, పూటకు ఎంతో రాయండి, 'పలచగా' అన్న మాట ఉన్నచోట చెంచా వంచినా నిలిచేంత చిక్కగా అని మార్చండి. మా పాప ఎదుగుదల గీత మళ్లీ పైకి తిరగడానికి రెండు నెలలు పట్టింది, ఆ రెండు నెలల్లో నేను వంటలో మార్చినవి నీళ్ల కొలత, ఒక చెంచాడు నూనె, రోజుకొక గుడ్డు మాత్రమే.

భవదీయురాలు,
ఒక అమ్మమ్మ