బ్యాడ్జి ఛాతీకి, డోసు వేళ్లకు

సంపాదకులకు,

హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో ఎక్కువగా క్యాన్సర్ జాడ వెతికే పెట్‌-సీటీ స్కాన్ ఇప్పుడు మామూలైపోయింది. స్కాన్‌కు ముందు రోగికి ఎఫ్‌డీజీ అనే రేడియోధార్మిక మందు ఎక్కిస్తారు. దాన్ని సిరంజిలోకి తీసి, కొలిచి, నరంలోకి పంపే మాలాంటి టెక్నాలజిస్టుల వేళ్ల గురించే ఈ ఉత్తరం.

మా ఛాతీ మీద, ఒంటికి తగిలిన రేడియేషన్ మోతాదును (డోసును) కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జి ఉంటుంది. మూడు నెలలకోసారి రీడింగుకు పోతుంది. అంకె చిన్నదిగా వస్తే అందరూ హమ్మయ్య అనుకుంటారు. కానీ సిరంజి పట్టుకునేది ఛాతీ కాదు కదా! మందుకు దగ్గరయ్యేకొద్దీ డోసు ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఐరోపాలో జరిగిన ఓరామెడ్ పరిశోధనలో, కుడిచేతి వాటం వాళ్లకు ఎక్కువగా ఎడమ చూపుడువేలి కొసకే అత్యధిక డోసు తగులుతున్నట్టు తేలింది. ఆ వేలి మొదట్లో పెట్టుకున్న ఉంగరం డోసిమీటరు (ఉంగరంలా తొడిగే, డోసు కొలిచే పరికరం) అంకెను ఆరుతో హెచ్చవేస్తేగానీ కొస లెక్క సుమారుగానైనా రాదట. ఇక ఛాతీ బ్యాడ్జిని ఏమడుగుతాం?

చేతులకు ఏడాదికి 500 మిల్లీసీవర్టులు (రేడియేషన్ డోసు కొలమానం) దాటకూడదని అణుశక్తి నియంత్రణ మండలి హద్దు పెట్టింది. నేను పనిచేసిన ఒక సెంటర్లో ఉంగరం అడిగితే ‘బ్యాడ్జి ఉందిగా’ అన్నారు. హద్దు దాటామో లేదో మరి ఎలా తెలియాలి? ‘గ్లౌజులు వేసుకుంటారు కదా’ అంటారు తెలిసినవాళ్లు. గ్లౌజులు మందు చర్మానికి అంటకుండా చూస్తాయి, గామా కిరణాలను ఆపవు.

సిరంజికి టంగ్‌స్టన్ కవచం ఉంటుంది. అది బరువు. కీమోతో నరాలు సన్నబడ్డ రోగి చెయ్యి పట్టుకుని వెతుకుతుంటే, బయట క్యూ పెరుగుతుంటే, ఆ టెన్షన్‌లో కవచం తీసేసేవాళ్లు ఉన్నారు. ముందే క్యానులా (నరంలో ఉంచే సన్నని గొట్టం) పెట్టి, సెలైన్ సాఫీగా పోతోందో లేదో చూసుకుని, ఆ తర్వాతే మందు సిరంజి చేతిలోకి తీసుకుంటే ఈ అవస్థ ఉండదు. అందుకు ఇంకొక నర్సు కావాలి, పేషెంటుకు పేషెంటుకు మధ్య కాస్త టైమూ కావాలి. యాజమాన్యాలు బేరమాడేది ఈ రెండింటి దగ్గరే.

రోగులు కంగారుపడాల్సిందేమీ లేదు. వాళ్లకు ఎప్పుడో ఒకసారి, మాకు రోజూ.

లైసెన్సు రెన్యువల్‌ సమయంలో ఛాతీ బ్యాడ్జి రిపోర్టులతో పాటు ఉంగరం రీడింగులూ చూపమని మండలి అడగాలి. వాటి కాపీ ఒకటి మా చేతికీ ఇప్పించాలి.

- ఒక న్యూక్లియర్ మెడిసిన్ టెక్నాలజిస్టు, హైదరాబాద్