చార్టర్ బడి సరిగా నడవకపోతే జవాబు చెప్పవలసింది ఎవరు?

సంపాదకుల వారికి నమస్కారాలు.

అమెరికాలోని తెలుగు కుటుంబాలు తమ పిల్లలను చార్టర్ స్కూళ్లలో చేర్పించడానికి ఎంతగా ఆరాటపడుతున్నాయో వివరిస్తూ మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. ఫీజు లేదు, గణితానికి, సైన్సుకు ప్రాధాన్యం ఎక్కువ, సీట్ల కోసం తీసే లాటరీలో పేరు వస్తే చాలు అన్న మాటల్లో నిజముంది. అయితే ఆ బడి సరిగా నడవని రోజున తల్లిదండ్రులు ఎవరిని నిలదీయాలన్న ప్రశ్న ఆ వ్యాసంలో ఎక్కడా కనిపించలేదు. ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో ఉంటూ మూడేళ్లుగా మా అబ్బాయిని అలాంటి బడికే పంపుతున్న తల్లిగా, ఆ ప్రశ్నను మీ పాఠకుల ముందు ఉంచాలని ఈ లేఖ రాస్తున్నాను.

చార్టర్ స్కూలు ప్రైవేటు బడి కాదు. ప్రభుత్వ సొమ్ముతో, ఫీజు లేకుండా, ప్రవేశ పరీక్ష లేకుండా నడిచే బడి అది. ఆ ప్రాంతపు ప్రభుత్వ బడులను నడిపే స్కూల్ డిస్ట్రిక్టు నియమాల్లో చాలావాటి నుంచి దానికి మినహాయింపు ఉంటుంది. అందుకు బదులుగా, చార్టర్ అనే ఒప్పంద పత్రంలో మాట ఇచ్చిన ఫలితాలు చూపించాలి, చూపించకపోతే మూతపడాలి. 1991లో మిన్నెసోటా రాష్ట్రం మొదటి చట్టం చేసినప్పుడు, మరుసటి ఏడాది అక్కడి సెయింట్ పాల్‌లో తొలి బడి తెరిచినప్పుడు అనుకున్నది ఇదే. మన ఎయిడెడ్ బడులు ఎరిగినవారికి ఇది కొంత పరిచయమైన ఏర్పాటులాగే అనిపించవచ్చు గాని, ఎయిడెడ్ బడిలో ప్రభుత్వం ఉపాధ్యాయుల జీతం ఇస్తుంది, ఇక్కడ పిల్లవాడి తలకు ఇంత అని ఇస్తుంది. ఈ తేడా చిన్నది కాదు. పిల్లవాడు పేరు నమోదు చేసుకున్నాడా లేదా అన్నదే ఆదాయమైనప్పుడు, వాడు చదువుకున్నాడా లేదా అన్నది చూసేవారు వేరే ఉండి తీరాలి.

నిరుడు మా అబ్బాయి బడిలో గణితం చెప్పే ఉపాధ్యాయులు ఇద్దరు సంవత్సరం మధ్యలో వెళ్లిపోయారు. రెండు నెలలకు పైగా తాత్కాలిక ఉపాధ్యాయులతో తరగతులు నెట్టుకొచ్చారు. ప్రిన్సిపాల్‌ను అడిగితే నియామకాలు, బడిని నడపడానికి బోర్డు ఒప్పందం చేసుకున్న యాజమాన్య కంపెనీ చూసుకుంటుందన్నారు. కంపెనీకి రాస్తే బోర్డును అడగమన్నారు. బోర్డు సమావేశానికి వెళ్లాను. సభ్యులు ఐదుగురు, వినడానికి వచ్చిన తల్లిదండ్రులం ముగ్గురం. ఉపాధ్యాయుల జీతాలకు ఎంత పోతోంది, భవనానికి అద్దె ఎంత, ఆ అద్దె ఎవరికి ముడుతోంది అని అడిగాను. ఆ వివరాలు కంపెనీ అంతర్గత విషయాలని అధ్యక్షుడు చెప్పారు. ప్రజల సొమ్ము ఒక తలుపు దాటగానే అంతర్గత విషయం ఎలా అయిపోతుందో ఆ రాత్రి ఇంటికి వచ్చాక కూడా నాకు అర్థం కాలేదు.

తర్వాత చదివి తెలుసుకున్నాను, ఒహాయోలో ఈ అనుభవం కొత్తది కాదని. క్లీవ్‌లాండ్, ఆక్రన్ ప్రాంతాల్లోని కొన్ని చార్టర్ బడుల బోర్డులు వైట్ హ్యాట్ మేనేజ్‌మెంట్ అనే కంపెనీతో చేసుకున్న ఒప్పందాల ప్రకారం, ప్రభుత్వం ఇచ్చే నిధుల్లో సుమారు 95 శాతం ఆ కంపెనీకే వెళ్లేవి. ఫలితాలు బాగాలేక బోర్డులు తెగతెంపులు చేసుకోబోతే, ఆ సొమ్ముతో కొన్న బల్లలు, కంప్యూటర్లు తమవేనని కంపెనీ అన్నది. 2015లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ ఒప్పందం చెల్లుతుందని, వస్తువులు కావాలంటే బోర్డులు డబ్బిచ్చి కొనుక్కోవాలని తీర్పు చెప్పింది. న్యాయమూర్తులు ఒప్పందంలో ఉన్నదే చదివారు. తప్పు అలాంటి షరతు మీద సంతకం చేసిన వారిది, అలాంటి సంతకాన్ని అనుమతించిన చట్టానిది.

బోర్డు, కంపెనీ కాక స్పాన్సర్ అనే మూడో పక్షం గురించి ఇక్కడే చెప్పాలి. చాలామంది తల్లిదండ్రులకు ఆ పేరే తెలియదు. ఒహాయోలో చార్టర్ బడికి అనుమతి ఇచ్చేది, పర్యవేక్షించేది, అవసరమైతే మూసివేసేది స్పాన్సర్ అనే ఈ సంస్థే. అందుకుగాను బడికి వచ్చే నిధుల్లో 3 శాతం వరకు రుసుము తీసుకోవడానికి చట్టం అనుమతిస్తుంది. అంటే పర్యవేక్షించే బడిలో పిల్లల సంఖ్య పెరిగితే పర్యవేక్షకుడి ఆదాయమూ పెరుగుతుంది, బడి మూస్తే ఆ ఆదాయం పోతుంది. చెడ్డ బడిని మూయడానికి ఎవరికి చేతులు వస్తాయి? స్పాన్సర్లకు గ్రేడ్లు ఇచ్చే పని మొదలైనప్పుడు కూడా ఆన్‌లైన్ బడులకు వచ్చిన ఎఫ్ గ్రేడ్లను వాటి స్పాన్సర్ల లెక్కలోంచి తప్పించిన రాష్ట్ర అధికారి ఒకరు 2015 జూలైలో రాజీనామా చేయవలసి వచ్చింది. అదే ఏడాది చట్టాన్ని కఠినం చేశాక, 2016లో వెలువడిన అంచనాల్లో 65 స్పాన్సర్ సంస్థల్లో ఐదు మాత్రమే సమర్థమైనవని తేలింది.

మెత్తని పర్యవేక్షణకు పిల్లలు చెల్లించిన మూల్యం ఎలక్ట్రానిక్ క్లాస్‌రూమ్ ఆఫ్ టుమారో అనే ఆన్‌లైన్ బడి కథలో కనిపిస్తుంది. 2000లో మొదలైన ఆ బడికి యాజమాన్య సేవలు, సాఫ్ట్‌వేర్ అందించిన కంపెనీలు దాని స్థాపకుడివే. 2015–16లో సుమారు 15,300 మంది పూర్తికాల విద్యార్థుల పేరిట నిధులు పొందగా, సుమారు 6,300 మందికి మించి నిజంగా చదివినట్టు ఆధారాలు లేవని రాష్ట్ర విద్యాశాఖ తేల్చి, 6 కోట్ల డాలర్లు తిరిగి చెల్లించమన్నది. 2018 జనవరిలో, విద్యాసంవత్సరం నడుమ, బడి మూతపడింది. సుమారు 12 వేల మంది పిల్లలు చలికాలంలో కొత్త బడి వెతుక్కోవలసి వచ్చింది. వారిలో చాలామంది ఇతర బడుల్లో నిలదొక్కుకోలేక వచ్చినవారు కావడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

ఇదంతా చెప్పి చార్టర్ బడులే వద్దనడం నా ఉద్దేశం కాదు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన క్రెడో సంస్థ 2023లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, చార్టర్ విద్యార్థులు సాటి ప్రభుత్వ బడుల పిల్లల కంటే చదవడంలో 16 రోజులు, గణితంలో 6 రోజుల బోధనకు సమానమైన మేర ముందున్నారు. అదే సంస్థ 2015లో ఆన్‌లైన్ చార్టర్ విద్యార్థులను పరిశీలించినప్పుడు గణితంలో 180 రోజులు వెనుకబడ్డారని తేలింది. దాదాపు ఒక విద్యాసంవత్సరం పోయినట్టే. ఒకే పేరు కింద ఇంత అంతరం ఉన్నప్పుడు సగటు లెక్క చూసి ఏ తల్లీ నిశ్చింతగా ఉండలేదు.

నా విన్నపాలు కొన్నే. స్పాన్సర్ రుసుము పిల్లల సంఖ్యను బట్టి కాక రాష్ట్ర ఖజానా నుంచి నేరుగా అందాలి. ప్రభుత్వ సొమ్ము తీసుకునే యాజమాన్య కంపెనీ తన ఖర్చుల పద్దును, అద్దె ఒప్పందాలతో సహా, బడిలాగే ప్రజలకు తెరిచి ఉంచాలి. ప్రజల సొమ్ముతో కొన్న బల్ల ఆ బడి బల్లగానే ఉండాలి. ఇక మూసివేత: పిల్లల చదువుకు ప్రత్యామ్నాయం చూపకుండా సంవత్సరం మధ్యలో మూయడానికి వీల్లేకుండా స్పాన్సర్ మీదే ఆ బాధ్యత పెట్టాలి.

మన తెలుగువారిని కూడా ఒక మాట అడగాలి. ఏ బడిలో సీటు దొరుకుతుంది, ఏ బడి పిల్లలు గణిత పోటీల్లో గెలిచారు అని వాట్సాప్ బృందాల్లో రాత్రింబగళ్లు చర్చించుకుంటాం. రాష్ట్రం ఏటా నక్షత్రాలతో ఇచ్చే రిపోర్టు కార్డులో ఆ బడికి ఎన్ని వచ్చాయి, స్పాన్సర్ ఎవరు, కిందటేడు ఎంతమంది ఉపాధ్యాయులు మానేశారు అని దరఖాస్తుకు ముందు అడిగేవారు అరుదు. ఒహాయోలో చార్టర్ బోర్డు సమావేశాలకు ఎవరైనా వెళ్లవచ్చు, రికార్డుల ప్రతులు అడగవచ్చు; చట్టం ఆ హక్కు ఇచ్చింది. మీ పత్రిక తదుపరి వ్యాసంలో లాటరీ తేదీలతో పాటు ఈ హక్కు గురించి కూడా రాయమని కోరుతున్నాను.

మా బడి భవనం అద్దె ఒప్పందం ప్రతి కోసం బోర్డుకు లిఖితపూర్వకంగా దరఖాస్తు ఇచ్చాను. వచ్చే సమావేశానికి ఈసారి పదకొండు మంది తల్లిదండ్రులం వెళుతున్నాం.

ఇట్లు,
ఒక విద్యార్థి తల్లి,
కొలంబస్, ఒహాయో