లావెండర్ నూనెలో ఘాటు స్వచ్ఛతకు గుర్తు కాదు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో లావెండర్ నూనె మీద వచ్చిన వ్యాసంలో 'వాసన ఎంత ఘాటుగా ఉంటే సరుకు అంత స్వచ్ఛం' అని రాశారు. అది తప్పు. చాలాసార్లు నిజం దానికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. ముక్కుకు సూటిగా తగిలే ఆ ఘాటు కర్పూరానిది, సినియోల్‌ది. సినియోల్ అంటే నీలగిరి తైలంలో ఉండేదే. మేలైన లావెండర్‌లో ఈ రెండూ నామమాత్రంగానే ఉండాలి.

ఈ పేరుతో బజారులోకి వచ్చేవి ముఖ్యంగా మూడు మొక్కల నూనెలు. అసలుది లావండ్యులా అంగుస్టిఫోలియా. దాని మృదువైన వాసనకు మూలం లినాలిల్ అసిటేట్, లినలూల్ అనే రెండు పదార్థాలు. అందులో లినాలిల్ అసిటేట్ 25 నుంచి 47 శాతం, లినలూల్ 20 నుంచి 45 శాతం ఉండాలనీ, సినియోల్ 2.5 శాతం, కర్పూరం 1.2 శాతం దాటకూడదనీ యూరప్ దేశాల ఔషధ ప్రమాణాల గ్రంథం యూరోపియన్ ఫార్మకోపియా చెబుతుంది. రెండోది స్పైక్ లావెండర్. లినలూల్ ఉన్నా లినాలిల్ అసిటేట్ దాదాపు ఉండదు. సినియోల్, కర్పూరం మాత్రం దండిగా ఉంటాయి. ఈ రెండు మొక్కల సంకరం లావాండిన్. ఎకరానికి నూనె ఎక్కువ దిగుతుంది కాబట్టి చవక. గ్రోసో అనే రకంలో కర్పూరం 6 నుంచి 8 శాతం దాకా ఉంటుంది. సబ్బులకు అది భేషుగ్గా పనికొస్తుంది, లావెండర్ అని చెప్పి అమ్మడమే మోసం. తేజకూ బ్యాడ్గికీ తేడా చూడకుండా ఒక్క మిర్చి టిక్కీ కూడా కొనని గుంటూరులో, ఈ సీసా మీద మొక్క పేరైనా చూడకుండా వందలు పోస్తున్నాం. అన్నట్టు, లావెండర్ చల్లటి కొండల పంట. మన దేశంలో జమ్మూ వైపు భదర్వాలో పండిస్తున్నారు. కృష్ణా ఒడ్డున పండించి తీశామని ఎవరైనా అంటే నమ్మనక్కర్లేదు.

'100 శాతం ప్యూర్' అన్న ముద్రకు విలువ లేదు. ఆ బ్యాచ్ గ్యాస్ క్రొమటోగ్రఫీ రిపోర్టు, అంటే నూనెలోని పదార్థాలను విడదీసి ఏది ఎంత శాతమో చెప్పే పరీక్ష ఫలితం, అడగాలి. ముందు కర్పూరం అంకె, తర్వాత లినాలిల్ అసిటేట్ అంకె చూడాలి. అసిటేట్ బాగా తగ్గి లినలూల్ పెరిగితే, నూనె తీసేటప్పుడు పూలను నీళ్లలో వేసి ఎక్కువసేపు మరిగించారేమో అనుమానించాలి. వేడినీళ్లలో అసిటేట్ విరిగి లినలూల్, అసిటిక్ ఆమ్లం అవుతాయి. కింది నుంచి ఆవిరి పంపి త్వరగా దించేస్తే ఈ నష్టం తక్కువ.

అంకెలు సరిపోయినంత మాత్రాన సరుకు అసలుదని కాదు. ఫ్యాక్టరీ లినలూల్, అసిటేట్ కలిపి అంకెలు సరిచేయడం తెలిసినవాళ్లకు చిటికెలో పని. లినలూల్‌కు ఒకదానికొకటి ప్రతిబింబాలైన రెండు రూపాలున్నాయి. లావెండర్‌లో దాదాపు అంతా ఆర్ రూపమే, ఫ్యాక్టరీ సరుకులో రెండూ సగం సగం. ధనియాల నూనెలో ఎస్ రూపమే ఎక్కువ. వీటిని విడదీయడానికి ఆ పరీక్షలోనే కైరల్ కాలమ్ అనే ప్రత్యేక గొట్టం కావాలి. మామూలు రిపోర్టులో రెండూ ఒకే గీతగా పడతాయి.

చిల్లరగా అమ్మే దుకాణదారులు కనీసం తూకం చూసుకోవచ్చు. 5 మి.లీ. సిరంజిలో ముందు నీళ్లు, తుడిచి ఆరబెట్టాక అదే గీత దాకా నూనె తీసి, బంగారం కొట్టు త్రాసు మీద తూచాలి. రెండింటి నుంచీ ఖాళీ సిరంజి బరువు తీసేసి, నూనె బరువును నీళ్ల బరువుతో భాగిస్తే 0.87, 0.89 మధ్య రావాలి. కల్తీకి వాడే బరువైన ద్రవం డైఇథైల్ థాలేట్ పదో వంతు కలిపినా అది 0.90కి పోతుంది. సిరంజిలోని రబ్బరు నూనెకు ఉబ్బుతుంది కాబట్టి ఆలస్యం చేయకూడదు. ఐసోప్రొపైల్ మిరిస్టేట్ లాంటి తేలిక ద్రవం కలిపితే ఈ లెక్కకు దొరకదు. అలాంటప్పుడు తెల్ల కాగితం మీద ఒక చుక్క వేసి రాత్రంతా ఉంచండి. తెల్లారేసరికి జిడ్డు మరక ఉంటే ఆవిరి కానిదేదో కలిసినట్టే. లావాండిన్ కలిపితే మాత్రం ఈ రెండింటికీ చిక్కదు.

అసలు నూనె కూడా మన ఎండలకు పాడవుతుంది. సగం ఖాళీ అయిన సీసాలో గాలి తగిలి లినలూల్ హైడ్రోపెరాక్సైడ్లుగా మారుతుంది. చర్మానికి అలర్జీ తెచ్చేవి ముఖ్యంగా ఇవే. ముదురు రంగు గాజు సీసా, బిగువైన మూత, ఫ్రిజ్ తలుపు అర చాలు. రబ్బరు డ్రాపర్ సీసాకే వదిలేయకండి, నూనెలో కరిగి సాగుతుంది. ఒంటికి రాసేటప్పుడు 100 మి.లీ. కొబ్బరి నూనెకు 1 మి.లీ. మించనక్కర్లేదు.

ఆ వ్యాసంలో జలుబు చేసిన పసిపిల్లల ఛాతీకి, ముక్కు కింద రాయమన్న సలహా కూడా ఉంది. సీసాలో ఉన్నది లావాండినో స్పైకో అయితే అందులోని కర్పూరం, సినియోల్ పసివాళ్లకు ఊపిరి అందకుండా చేయగలవు, ఫిట్స్ కూడా తెప్పించగలవు. ఆ ఒక్క వాక్యానికైనా సవరణ వచ్చే ఆదివారమే వేయగలరు.

— రసాయన శాస్త్ర అధ్యాపకులు, బ్రాడీపేట, గుంటూరు