శనివారం నోర్యాంజిన్ భోజనం గురించి

అందరికీ నమస్తే. శనివారం సాయంత్రం సియోల్‌లోని నోర్యాంజిన్ చేపల మార్కెట్‌కి వెళ్తున్నాం కదా. మెట్రో 1వ లైన్‌లోనైనా 9వ లైన్‌లోనైనా నోర్యాంజిన్ స్టేషన్‌లో దిగండి.

కింద దుకాణాల్లో బతికున్న చేపలు, పీతలు మనమే చూసి కొనాలి. బేరమాడొచ్చు, తూకం మాత్రం దగ్గరుండి చూసుకోవాలి. కొన్నవి పైనున్న రెస్టారెంట్‌కి తీసుకెళ్తే వండి పెడతారు. కూర్చున్నందుకు మనిషికింత అని, వంటకి ఇంకొంత అని అక్కడ వేరే తీసుకుంటారు. బిల్లు చూసి గొడవ పడకండి.

పచ్చి చేప ముక్కల్ని హ్వే అంటారు. లెట్యూస్ ఆకులో వెల్లుల్లి, సంజాంగ్ అనే కారం సోయా పేస్ట్‌తో చుట్టి ఒకే ముద్దగా తినాలి. పచ్చిది మా వల్ల కాదనేవాళ్ళకి టెన్షన్ అక్కర్లేదు, పీతలు ఆవిరి మీద ఉడికిస్తారు. మిగిలిన తల, ముళ్ళతో మేఉన్‌తాంగ్ అని కారం పులుసు పెట్టిస్తాం. నన్నడిగితే అసలు భోజనం అదే!

సన్నక్జి, అంటే ఇంకా కదులుతున్న ఆక్టోపస్ ముక్కలు, తెప్పించుకునేవాళ్ళు బాగా నమలండి. గొంతుకి అతుక్కుంటే ప్రమాదం. పిల్లలకి అసలు పెట్టొద్దు.

టిప్ ఇచ్చే అలవాటు అక్కడ లేదు. రొయ్యలు, పీతలు పడనివాళ్ళు ముందే చెప్పండి. ఎవరెవరు వస్తున్నారో శుక్రవారం రాత్రికల్లా ఇక్కడే పెట్టేయండి.