డోలనాల లెక్కకు బొమ్మ ఎందుకు అవసరం?

సంపాదకులకు నమస్కారం.

ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం విద్యార్థులకు చాలా ఏళ్లుగా భౌతికశాస్త్రం బోధిస్తున్న అధ్యాపకుడిగా, మీ విద్యా పుటలో వస్తున్న సరళ హరాత్మక చలనం (ఒక స్థానానికి అటూ ఇటూ ఒకే లయతో ఊగే కదలిక) లెక్కల గురించి ఒక విన్నపం చేస్తున్నాను. వాటిలో ప్రశ్న, సూత్రం, ప్రతిక్షేపణ, సమాధానం ఉంటున్నాయి గాని, వస్తువు సమతాస్థితి, అంటే బలాలు సరితూగి అది కదలకుండా నిలిచే స్థానం ఎక్కడో, అక్కడి నుంచి దానిని ఎంత దూరం జరిపారో చూపే పటం మాత్రం ఉండటం లేదు. పిల్లలు తప్పటడుగు వేసేది సరిగ్గా అక్కడే.

పైనుంచి వేలాడుతున్న స్ప్రింగుకు ఒక బరువు తగిలిస్తే అది 5 సెంటీమీటర్లు సాగి నిలిచిందనుకుందాం. ఆ బరువును మరో 2 సెంటీమీటర్లు కిందికి లాగి వదిలితే ఆవర్తన కాలం (ఒకసారి పూర్తిగా ఊగడానికి పట్టే సమయం), గరిష్ఠ వేగం ఎంత? ఈ లెక్క బోర్డు మీద రాసిన ప్రతిసారీ ఎవరో ఒకరు లేచి, 'ద్రవ్యరాశి ఇవ్వలేదు సార్' అంటారు. నిజానికి దాని అవసరం లేదు. బరువు కదలకుండా నిలిచిన చోట గురుత్వ బలమూ స్ప్రింగు పైకి లాగే బలమూ సమానం కనుక, స్ప్రింగు స్థిరాంకాన్ని (స్ప్రింగు ఎంత గట్టిదో చెప్పే విలువను) ద్రవ్యరాశితో భాగిస్తే వచ్చేదీ, గురుత్వ త్వరణం 9.8ని సాగుదల 0.05 మీటర్లతో భాగిస్తే వచ్చేదీ ఒకటే, అంటే 196. దాని వర్గమూలం 14. ఊగే వడిని కోణంలో చెప్పే కోణీయ పౌనఃపున్యం ఇదే, సెకనుకు 14 రేడియన్లు; 2πని దానితో భాగిస్తే ఆవర్తన కాలం దాదాపు 0.45 సెకన్లు.

ఇంతవరకు వచ్చినవారిలోనూ కొందరు 5కు 2 కలిపి కంపన పరిమితి (సమతాస్థితి నుంచి జరిగే గరిష్ఠ దూరం) 7 సెంటీమీటర్లని రాసి, దాన్ని 14తో గుణించి గరిష్ఠ వేగం సెకనుకు 0.98 మీటర్లని తేలుస్తారు. డోలనాలు జరిగేది బరువు తగిలించాక నిలిచిన స్థానానికి అటూ ఇటూ గనుక కంపన పరిమితి 2 సెంటీమీటర్లే, గరిష్ఠ వేగం సెకనుకు 0.28 మీటర్లే. స్ప్రింగు అసలు పొడవుకు ఒక గీత, నిలిచిన చోట మరో గీత గీసుకున్న విద్యార్థి ఈ పొరపాటు చేయడం నేను చాలా అరుదుగా చూశాను.

కాలానికి సంబంధించిన లెక్కల్లోనూ ఇదే ఇబ్బంది. ఆవర్తన కాలం 12 సెకన్లయితే, సమతాస్థితి నుంచి కొసకు 3 సెకన్లు పడుతుంది కనుక సగం దూరానికి ఒకటిన్నర సెకను అని చాలామంది తేల్చేస్తారు. వృత్తం గీసి, దాని మీద సమవడితో తిరిగే బిందువు నీడ వ్యాసం మీద ఎలా కదులుతుందో చూపితే, మొదటి సగానికి 30 డిగ్రీలు, మిగతా సగానికి 60 డిగ్రీలు తిరగాలని కంటికే తెలుస్తుంది. పూర్తి చుట్టు 360 డిగ్రీలకు 12 సెకన్లు గనుక మొదటి సగానికి 1 సెకను, రెండో సగానికి 2 సెకన్లు. కొసకు చేరేకొద్దీ వేగం తగ్గుతుందన్న సంగతి సూత్రం కంఠస్థం చేసినంత మాత్రాన మనసుకెక్కదు.

ఎప్‌సెట్, జేఈఈ ప్రవేశ పరీక్షల ప్రశ్నలను త్వరగా చేయడం అవసరమేనని ఒప్పుకుంటాను. అయినా పటం గీయడానికి పట్టేది అర నిమిషం. రోజుకు పది లెక్కలు ప్రచురించే చోట నాలుగే ఇచ్చి, ప్రతి దానికీ సమతాస్థితిని గుర్తించిన బొమ్మ జతచేయవలసిందిగా కోరుతున్నాను. ప్రైవేటుగా శిక్షణ తీసుకునే స్థోమత లేక మీ పుటనే కత్తిరించి దాచుకునే విద్యార్థులు నా తరగతిలోనే ఉన్నారు.

భవదీయుడు,
ఒక జూనియర్ లెక్చరర్, తెనాలి