పాత అంగడికి రక్షణ అంటే తాళం వేసి ఉంచడం కాదు

సంపాదకుడు గారికి నమస్కారం.

ఇంగ్లండ్ నగరాల్లోని పాత అంగళ్ల మీద మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. ఫొటోలు చాలా బాగున్నాయి. అయితే పాత కట్టడాలను కాపాడే చట్టం ఉంది కాబట్టి ఆ భవనాలకు ఇక ఢోకా లేదన్నట్టు వ్యాసం ముగించారు. దానితో నేను ఏకీభవించలేను. చాలా ఏళ్లుగా చెస్టర్‌లో ఉంటున్నాను. చట్టం గోడల జోలికి ఎవరినీ రానివ్వడం లేదు, నిజమే. కానీ ఆ గోడల మధ్య వ్యాపారం ఆగిపోతే పట్టించుకునే నాథుడు లేడు.

చెస్టర్ నడిబొడ్డున నాలుగు పాత వీధుల్లో ‘రోస్’ అనే అంగళ్ల వరసలున్నాయి. వీధిలోంచి నాలుగు మెట్లు దిగితే నేలమాళిగలో ఒక కొట్టు. అదే చోట మెట్లెక్కితే మొదటి అంతస్తులో మన పెంకుటిళ్ల వసారాలా పొడవాటి నడవ, దాని వెంట ఇంకో వరస కొట్లు. పై అంతస్తు ఆ నడవ మీదికి చొచ్చుకొచ్చి కప్పులా నిలుస్తుంది. నడవకూ వీధివైపు కటకటాలకూ మధ్య ఏటవాలుగా ఒక చెక్క అరుగు కనిపిస్తుంది. కింది కొట్టులోకి దిగేవాళ్లకు తల తగలకుండా దాన్ని అలా వాల్చి కట్టారు. పూర్వం వర్తకులు సరుకు దాని మీదే పరిచేవారు. ఈ ఏర్పాటు 13వ శతాబ్దం నుంచీ ఉంది. బ్రిడ్జ్ స్ట్రీట్‌లో ‘త్రీ ఓల్డ్ ఆర్చెస్’ అనే రాతి కమానుల కట్టడాన్ని ఇంగ్లండ్‌లో మిగిలిన అతి పాత అంగడి ముఖభాగాల్లో ఒకటిగా చెబుతారు. నడవ సాగేది ప్రైవేటు భవనాల్లోంచే అయినా, దాని మీద నడిచే హక్కు మాత్రం జనానిది. నాకు ఈ ఊళ్లో అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే.

ఆ హక్కు కూడా దానంతటది నిలబడలేదు. 1643లో, ఇంగ్లండ్ అంతర్యుద్ధం రోజుల్లో, సర్ రిచర్డ్ గ్రోవ్‌నర్ లోయర్ బ్రిడ్జ్ స్ట్రీట్‌లోని తన ఇంటి ముందు నడవను మూసి ఇంట్లో కలుపుకుంటానని అనుమతి అడిగి తెచ్చుకున్నాడు. తర్వాత పక్కవాళ్లూ అదే బాట పట్టారు. ఆ వీధిలో నడవ చాలామటుకు అలాగే పోయింది. దీనికి పూర్తిగా ఎదురు కథ 1910 నాటిది. రెండో డ్యూక్ ఆఫ్ వెస్ట్‌మిన్‌స్టర్ బ్రిడ్జ్ స్ట్రీట్‌లో సెయింట్ మైకేల్స్ రో కట్టించి, దాని ముఖభాగాన్ని నిగనిగలాడే తెల్లటి పలకలతో నింపాడు. ఊరు ఊరంతా గొడవ చేసింది. చివరికి డ్యూక్ అంతటివాడు దిగొచ్చి, పై అంతస్తుల పలకలు తీయించి, నలుపు తెలుపు కలప పనితో మళ్లీ కట్టించాడు. నడవ ఎత్తులో ఆ తెల్ల పలకలు ఇప్పటికీ ఉన్నాయి, వెళ్లి చేత్తో తడిమి చూడొచ్చు. (వచ్చిన వాళ్లంతా మధ్యయుగానిది అనుకుని ఫొటో దిగే కూడలి మూల భవనం కూడా 1888లో థామస్ లాక్‌వుడ్ కట్టిందే. అంతమాత్రాన దాని అందం తగ్గదు.)

భవనాలను జాబితాలోకెక్కించి కాపాడే పద్ధతి ఊపందుకున్నది 1947 చట్టంతో. ఇప్పుడు గ్రేడ్ వన్, గ్రేడ్ టూ స్టార్, గ్రేడ్ టూ అని మూడు తరగతులున్నాయి. అనుమతి లేకుండా జాబితా భవనం రూపు మార్చడం నేరం. అయినా జాబితా ఒక్కటే చెస్టర్‌ను గట్టెక్కించలేదు. 1968లో ఆర్కిటెక్ట్ డోనాల్డ్ ఇన్సాల్ ఈ ఊరి పాత కట్టడాల మీద వివరంగా నివేదిక ఇచ్చాక, స్థానిక పన్నుల్లోంచి కొంత సొమ్ము తీసి మరమ్మతులకు పెట్టారు. డబ్బు కదిలింది కాబట్టే దూలాలు నిలిచాయి.

మరి ఇప్పుడు? ఈస్ట్‌గేట్ స్ట్రీట్‌లో బ్రౌన్స్ అనే పెద్ద దుకాణం ఉండేది. 1780లో సుసన్నా బ్రౌన్ అనే ఆవిడ మొదలుపెట్టిన వ్యాపారం అది. పెరిగి పెరిగి ఒక గ్రీకు శైలి భవనాన్నీ, పక్కనే 1858లో పెన్సన్ కట్టిన గోతిక్ భవనం క్రిప్ట్ ఛాంబర్స్‌నీ, దాని అడుగున ఉన్న 13వ శతాబ్దపు నేలమాళిగనూ కలుపుకుంది. 1976లో డెబెన్‌హామ్స్ అనే దుకాణాల కంపెనీ చేతికి వచ్చింది. ఆ కంపెనీ మూతపడటంతో 2021లో ఇదీ మూతపడింది. అంత పెద్ద భవనాన్ని ఒక్కరే అద్దెకు తీసుకునే రోజులు పోయాయి. ముక్కలు చేసి ఇద్దామంటే ప్రతి గోడకూ అనుమతి కావాలి. పైగా ఇలాంటి పాత అంగళ్లలో మేడ మీదికి మెట్లు కొట్టు లోపలినుంచే ఉంటాయి. అందుకే కింద వ్యాపారం నడుస్తున్నా పై గదులు ఖాళీగా దుమ్ము పట్టిపోతుంటాయి.

నాకు కోపం తెప్పించేది పన్నుల లెక్క. ఇక్కడ మామూలు షాపు మూడు నెలలు దాటి ఖాళీగా ఉంటే యజమాని బిజినెస్ రేట్స్ (వ్యాపార స్థలాల మీద పన్ను) కట్టాలి. అదే జాబితా భవనమైతే, ఖాళీగా ఉన్నంతకాలం పైసా కట్టక్కర్లేదు. అందులో ఎవరైనా షాపు తెరిచిన రోజు నుంచి మాత్రం రేట్స్ లెక్కలోకి వస్తాయి. యజమానికి భారం కాకూడదన్న ఉద్దేశం మంచిదే, కాదనను. కానీ తాళం వేసినవాడికి పూర్తి మినహాయింపు, తాళం తీసినవాడికి టెన్షనా? ఆ మినహాయింపుకు గడువు పెట్టాలి. అద్దెకిచ్చిన యజమానికీ, మరమ్మతు చేయించిన యజమానికీ ఆ రాయితీ అందాలి. రెండేళ్లలో 365 రోజులకు పైగా ఖాళీగా ఉన్న షాపు లీజును వేలం వేసే అధికారం 2024 డిసెంబర్ నుంచి కౌన్సిళ్లకు వచ్చింది. పాత అంగళ్ల విషయంలో దాన్ని వెనకాడకుండా వాడాలి.

పాత అంగళ్లలో కొత్త వ్యాపారం నడవదన్న మాటలో పస లేదు. లీడ్స్‌లో, నాటకశాలలకు పేరుపడ్డ ఫ్రాంక్ మాచమ్ కట్టిన కౌంటీ ఆర్కేడ్‌ను బాగుచేసి, పక్క వీధికి రంగు అద్దాల కప్పు వేసి, 1990 నుంచి ఒకే బజారుగా నడుపుతున్నారు. లండన్ పికడిల్లీలో 1936 నాటి సింప్సన్స్ బట్టల దుకాణం గ్రేడ్ వన్ భవనం. ఇప్పుడది అంతస్తులకు అంతస్తులు పుస్తకాల షాపు. గోడ మారలేదు, బేరం మారింది.

ఈ ఉత్తరం తెలుగు పత్రికకే ఎందుకంటే, చెస్టర్, మాంచెస్టర్, లివర్‌పూల్ చుట్టుపక్కల మనవాళ్లు చాలామందే ఉన్నారు. ఇక్కడ చట్టబద్ధంగా ఉంటున్న భారతీయులకు, కామన్వెల్త్ పౌరులుగా, స్థానిక ఎన్నికల్లో ఓటుంది. ఈ సంగతి తెలియక చాలామంది పేరే నమోదు చేసుకోరు. ఓటు నమోదు చేసుకుని, ఊళ్లోకి ఓట్ల కోసం వచ్చే కౌన్సిలర్‌ను రెండు ప్రశ్నలడగండి: మన వార్డులో ఖాళీగా ఉన్న పాత షాపులు ఎన్ని? లీజు వేలం ఎప్పుడు మొదలుపెడతారు?

ఇట్లు,
మీ పాఠకురాలు,
చెస్టర్, ఇంగ్లండ్