ఒకటిన్నర ఎంఎల్ డెక్సా: మా పాప తరఫున కృతజ్ఞతలు

మా చెల్లెలి పాపకు మొన్న అన్నప్రాసన చేశాం. ఫోన్ చేసినవాళ్లు, ఆసుపత్రి రోజుల్లో అన్నం క్యారియర్లు పంపినవాళ్లు, బండి మీద అర్ధరాత్రి తిరిగినవాళ్లు చాలామంది ఉన్నారు. ఒక్కొక్కరికీ చెప్పడం నావల్ల కావట్లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నా. మేనమామను కాబట్టి ఈ పని నాదే అని ఇంట్లో తేల్చేశారు.

ముప్పయ్యో వారంలో, కిలో మూడువందల గ్రాములతో పుట్టిన పిల్ల. "ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెలకే గండం" అని పెద్దవాళ్లు అంటుంటారు కదా, చెల్లికి నొప్పులొచ్చిన ఆ రాత్రి మాకు ధైర్యం చెప్పడానికి వచ్చినవాళ్లందరూ అదే మాట అన్నారు. వాళ్ల ప్రేమకు దండం. కానీ ఆ మాట నమ్మొద్దు. ఏడుకన్నా ఎనిమిది నయం, ఎనిమిదికన్నా తొమ్మిది నయం. కడుపులో గడిచే ప్రతి వారమూ బిడ్డకు లాభమే.

మొదటి దండం మా ఆశా అక్కకు. మేం ఇంకా బ్యాగు సర్దుతుండగానే 108కి ఫోన్ కొట్టి, బండిలో చెల్లి పక్కన తనే కూర్చుంది. దారిలో గుంత వచ్చిన ప్రతిసారీ "మెల్లగా, మెల్లగా" అన్నా విసుక్కోని పైలట్ తమ్ముడికీ, బీపీ చూస్తూ వచ్చిన ఈఎంటీకీ (అంబులెన్సులో వైద్యం చూసే మనిషి) తర్వాతి దండాలు.

ఏరియా ఆసుపత్రి స్టాఫ్ నర్సు గారి గురించి కాస్త వివరంగా రాయాలి. ఇంత చిన్న బిడ్డను చూసుకునే వసతి ఇక్కడ లేదు, జిల్లా ఆసుపత్రికి పంపాలి అన్నారు డాక్టరు గారు. మేం హడావుడిగా స్ట్రెచర్ పట్టుకుంటుంటే ఆమె "ఒక్క నిమిషం, ఇంజక్షన్ చేసి పంపుతా" అని ఆపింది. చేతిలోని వయల్ చూడగానే గుర్తుపట్టా. నాది మందుల షాపు. డెక్సామెథసోన్, మా వాడుకలో డెక్సా. రెండు ఎంఎల్ వయల్లో ఎనిమిది మిల్లీగ్రాములుంటుంది. ఆమె ఒకటిన్నర గీత దగ్గర ఆపి, సిరంజిని తట్టి గాలి బుడగ పోగొట్టి, ట్యూబ్‌లైట్ వెలుతురుకు ఎత్తి గీత మళ్లీ సరిచూసుకుంది. ఆరు మిల్లీగ్రాములు. తర్వాత రెఫరల్ చీటీ మీద పెద్దక్షరాలతో "డెక్సా మొదటి డోసు" అని టైముతో సహా రాసింది. మిగతా మూడు డోసులు పన్నెండేసి గంటల తేడాతో ఎప్పుడెప్పుడు పడాలో పెద్దాసుపత్రివాళ్లు ఆ టైము చూసే లెక్క వేశారు. నొప్పులు ఆగడానికి ఇచ్చిన మాత్రలు పనిచేసి, కాన్పు కాకముందే నాలుగు డోసులూ పూర్తయ్యాయి.

రెండు చాయ్‌ల ఖరీదు కూడా చెయ్యని మందు అది. ఎలర్జీకి, ఆయాసానికి చీటీ తెచ్చినవాళ్లకు ఇన్నేళ్లుగా ఇస్తూనే ఉన్నా. తల్లికి చేస్తే కడుపులో బిడ్డ ఊపిరితిత్తులకు ఎలా పనిచేస్తుందో వార్డు బయట పీజీ డాక్టరమ్మ చెప్పింది. నెలలు నిండని బిడ్డ ఊపిరితిత్తుల్లోని గాలి సంచుల లోపల సర్ఫాక్టంట్ అనే జిడ్డు పొర సరిగ్గా తయారుకాదు. అది లేకపోతే ఊపిరి వదిలిన ప్రతిసారీ ఆ సంచులు మూసుకుపోతాయి. స్టెరాయిడ్ ఆ పొరను త్వరగా తయారుచేయిస్తుంది. నాకు అంతటితో తృప్తి కలగలేదు. ఆసుపత్రి మెట్ల మీద పనేముంటుంది, ఫోన్లో చదువుతూ కూర్చున్నా.

కథ న్యూజిలాండ్‌లో, గొర్రెలతో మొదలైంది. ఆక్లండ్‌లో గ్రాహం లిగ్గిన్స్ అనే డాక్టరు, కాన్పు ఎలా మొదలవుతుందో తెలుసుకోవడానికి గొర్రెల కడుపులోని పిల్లలకు స్టెరాయిడ్లు ఇచ్చి చూస్తున్నారు. బతకడానికి వీల్లేనంత ముందుగా పుట్టిన ఒక గొర్రెపిల్ల ఊపిరితిత్తుల్లోకి గాలి వెళ్లినట్టు కనబడింది. ఆయన, పిల్లల డాక్టరు రాస్ హౌవీ కలిసి నేషనల్ విమెన్స్ ఆసుపత్రిలో 282 మంది గర్భిణుల మీద, డెక్సాలాంటిదే అయిన బీటామెథసోన్ అనే స్టెరాయిడ్‌తో పరీక్ష చేసి 1972లో ఫలితాలు అచ్చువేశారు. అనుకోకుండా ముందే నొప్పులొచ్చినవారిలో, మందు పడిన తల్లుల పిల్లల్లో మొదటి వారంలో పోయినవారు 3.2 శాతం, పడనివారి పిల్లల్లో 15 శాతం. అంత స్పష్టంగా తేలినా అది చాలా దేశాల ఆసుపత్రుల్లో మామూలు వైద్యం కావడానికి ఇరవై ఏళ్లు దాటింది. ఇది చదివినప్పుడు మాత్రం నాకు ఒళ్లు మండింది.

"స్టెరాయిడా!" అని మా అమ్మ భయపడింది. మీలోనూ ఆ భయం ఉండేవాళ్లు ఉంటారు. ఆక్లండ్‌లో అప్పుడు పుట్టిన పిల్లల్ని ముప్పయ్యేళ్ల వయసులో మళ్లీ పిలిచి పరీక్షించారు. బీపీ, గుండె జబ్బుల విషయంలో తేడా కనబడలేదు, ఇన్సులిన్ విషయంలో మాత్రం కొద్దిపాటి తేడా ఉంది. అమ్మకు ఇది ఫోన్లో చదివి వినిపించా. ఆవిడ కాసేపు ఆలోచించి, "ముప్పయ్యేళ్లు వెతికి మరీ పట్టుకున్నారా వాళ్లని!" అంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, లేకపోతే నేను సగమే చెప్పినట్టు. డెక్సా ఇంజక్షన్‌ను ఆరు దేశాల్లో, మన బెళగావి, నాగపూర్ ప్రాంతాలతో సహా, ఊళ్ల స్థాయి దాకా విస్తరించి చూసిన పరిశోధన 2015లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. అక్కడ మేలు కనబడలేదు సరికదా, మొత్తమ్మీద నవజాత శిశు మరణాలు కాస్త పెరిగాయి. మందు పడిన తల్లుల్లో చాలామందికి నెలలు నిండాకే కాన్పులయ్యాయి, అంటే అవసరం లేనివారికి పడింది. అందుకని ప్రపంచ ఆరోగ్య సంస్థ మళ్లీ మొదటినుంచి, ఈసారి పసిపిల్లలను చూసుకునే వసతులున్న 29 ఆసుపత్రుల్లో, ఇండియా, పాకిస్తాన్, బంగ్లాదేశ్, కెన్యా, నైజీరియాల్లో 2852 మంది గర్భిణులతో పరీక్ష పెట్టింది. సగం మందికి డెక్సా, సగం మందికి మందులేని ఇంజక్షన్. ఎవరికేది పడిందో తల్లికీ తెలియదు, ఇచ్చిన నర్సుకూ తెలియదు. 2020లో ఫలితం వచ్చింది: పిల్లల మరణాలు 23.5 శాతం నుంచి 19.6కి తగ్గాయి. పాతిక మంది తల్లులకు ఇస్తే ఒక బిడ్డ అదనంగా బతికినట్టు. మేలు ఖాయమని తేలడంతో అనుకున్నదానికన్నా ముందే ఆపేశారు.

ఆ పాతికలో ఒకటి మా పాపేనని నేను చెప్పలేను. ఎవరూ చెప్పలేరు. కానీ బెళగావిలో నొప్పులు పడుతూ, తనకు పడేది మందో నీళ్లో తెలియకుండా "సరే" అని సంతకమో వేలిముద్రో వేసిన అమ్మలకు నా నమస్కారం. మందు పడని సగం మందికి ఇంకా పెద్ద నమస్కారం. వాళ్లు లేకపోతే ఆ 23.5 అనే అంకె లేదు, పోల్చి చూడ్డానికి ఏమీ లేదు. వాళ్లలో బిడ్డను పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. వాళ్ల పేర్లు మనకెప్పటికీ తెలియవు.

అన్నట్టు, ఇదంతా చదివి ఎవరైనా నా షాపుకొచ్చి "గర్భిణికి డెక్సా కావాలి" అంటే ఇవ్వను. ముందే చెబుతున్నా.

పెద్దాసుపత్రి ఎస్ఎన్‌సీయూ (పుట్టిన పసికందుల ప్రత్యేక వార్డు) సిస్టర్లు తమ పేర్లు రాయొద్దన్నారు, రాయను. పాప ముక్కుకు రెండు సన్నటి గొట్టాలు, వాటి రెండో కొస పక్కనున్న నీళ్ల సీసాలో మునిగి బుడబుడమంటూ ఉండేది. గొట్టం నీళ్లలో ఎన్ని సెంటీమీటర్లు మునిగితే ఊపిరితిత్తులకు అంత ఒత్తిడి అందుతుందట. నైట్ డ్యూటీ సిస్టర్ వచ్చినప్పుడల్లా ముందు ఆ సీసాలో నీటి మట్టం చూసేది, తర్వాతే మానిటర్ చూసేది. బుడగలు ఆగితే ఎక్కడో గాలి లీకవుతున్నట్టే. పాప ఊపిరి మరిచిపోకుండా కెఫిన్ ఇచ్చారు, కాఫీలో ఉండేదే. మా బావ ఇప్పటికీ నమ్మడు.

బావ అంటే గుర్తొచ్చింది. పాపను చొక్కా విప్పి ఛాతీకి ఆనించుకొని కూర్చోమన్నారు, కంగారూ కేర్. పురిటి మైల పోకుండా తండ్రి ముట్టుకోవడమేంటని మా నాయనమ్మ ఫోన్లోనే గొడవ. ఆ పూట డ్యూటీలో ఉన్న సిస్టర్ ఫోన్ తీసుకొని, "అవ్వా, మైల నాకు అంటించు, పిల్లను మాత్రం వెచ్చగా ఉండనియ్యి" అంది. నాయనమ్మ దగ్గర జవాబు లేదు! ఈ పద్ధతి 1978లో కొలంబియాలోని బొగొటాలో, ఇంక్యుబేటర్లు చాలని ఆసుపత్రిలో ఎడ్గర్ రే అనే డాక్టరు మొదలుపెట్టారు. బిడ్డ నిలకడగా అయ్యేదాకా ఆగాలని చాలాకాలం అనుకున్నారు. ఢిల్లీ సఫ్దర్‌జంగ్‌తో పాటు ఘనా, మలావీ, నైజీరియా, టాంజానియా ఆసుపత్రుల్లో 3211 మంది పిల్లలతో చేసిన పరీక్షలో, పుట్టగానే మొదలుపెడితే 28 రోజుల్లోపు మరణాలు 15.7 శాతం నుంచి 12కి తగ్గాయని 2021లో తేలింది. ఇందులో మందూ లేదు, యంత్రమూ లేదు. తల్లికి మంచం, పక్కన ఓపికగల మనిషి ఉంటే చాలు. ఆ మంచం ఇచ్చిన సూపరింటెండెంట్ గారికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు.

కంటి రెటీనా పరీక్ష కూడా ముప్పై రోజుల్లోపే చేశారు. నెలలు నిండని పిల్లలున్నవాళ్లు ఇది మరవకండి, బయటికి కళ్లు బాగానే కనిపిస్తాయి.

ఆ వార్డుకు ఏమైనా ఇస్తామని అడిగినవాళ్లకు: స్వీట్లు వద్దు. చిన్న ఉన్ని టోపీలు, సాక్సులు, మెత్తటి నూలు బట్టలు కావాలి. ముందు ఇన్‌ఛార్జ్ సిస్టర్‌ను అడిగి, ఉతికి తీసుకెళ్లండి.

డిశ్చార్జి ముందు పీజీ డాక్టరమ్మ తన థీసిస్ కోసం పాపను ఏడాది నిండేదాకా చూస్తానని, ఇష్టమైతేనే అని, రెండు పేజీల తెలుగు కాగితం ఇచ్చింది. చెల్లి మొత్తం చదివి, మధ్యలో మానేస్తే వైద్యం ఆపుతారా అని అడిగి, ఆపరని చెప్పాకే సంతకం పెట్టింది. వచ్చే నెల మళ్లీ తూకానికి వెళ్లాలి. ఆ అమ్మాయికి థీసిస్ ఇచ్చే గడువు దగ్గరపడిందట, పాపం నిద్ర లేదు. ఆల్ ది బెస్ట్ డాక్టరమ్మా, ఈసారి లేటు చెయ్యకుండా తీసుకొస్తాం.